మంచమెక్కని రోగము

పలాసకు జోడుగా నున్న కాశీబుగ్గ బజారులో మా మేనమామకు ఒక మందుల దుకాణము కలదు. ముప్పది సంవత్సరములుగా ఆ చెక్కబల్ల వెనుకనే కూర్చుండి, జ్వరమునకు బిళ్ళయు, దగ్గునకు సీసాయు, దురదకు ట్యూబును ఇచ్చుచు, అప్పు అడిగినవారికి కాదనక, అర్ధరాత్రి తలుపు తట్టినవారికి విసుగుకొనక, ఊరివారి నమ్మకమును సంపాదించుకొన్న మనిషి. ఆయనకు అక్కయగు మా అమ్మ ఏ.ఎన్.ఎం.గా కొలువులో చేరి, టీకాల పెట్టె భుజమున మోసికొని పల్లెపల్లెకును తిరిగి, కుష్ఠువ్యాధి సర్వేలలో గడపగడపయు త్రొక్కి, పదవీ విరమణ చేసినది. వారిద్దఱికిని పరస్పరాభిమానము మెండు. అభిప్రాయములు మాత్రము కలిసిన దినము నే నెఱుగను. గడచిన ఆదివారము సాయంకాలము ఆ దుకాణములో వారి నడుమ జరిగిన వాదమును, ప్రక్కనుండి విన్నవాడనగుటచేత, జ్ఞాపకమున్నంతవఱకు ఇందు వ్రాయుచున్నాను.

వాదమునకు కారణమైనది ఒక ఖాళీ ట్యూబు. జీడిపప్పు కర్మాగారములో పిక్కలు కొట్టు స్త్రీ యొకతె, నలుబది యేండ్లుండును, పమిటచెంగు ముడి విప్పి, అడుగునుండి చుట్టగా చుట్టి చివరి బొట్టు వఱకును పిండిన ట్యూబును బల్లమీద పెట్టి, "ఇదే ఇంకోటి ఇయ్యి బావూ" అనెను. మామ చేయి అలవాటుచొప్పున అరవైపు సాగినది. మా అమ్మ ఆ చేతిని ఆపి, ఆమెను దీపము క్రిందికి పిలిచినది. వ్రేళ్ళ కొసలును అరచేతులును జీడిచమురు తగిలి నల్లబడి, తోలు పొరలు పొరలుగా లేచి, కణుపులయొద్ద పగుళ్ళువాఱి యున్నవి. పలాసలో ఇట్టి చేతులు వింత కాదు. కాని, పావడా బొందు ఒరసికొను నడుముచోట ఉన్నది వేఱు. అచ్చట అరచేయి వెడల్పున ఒక వలయము. దాని అంచు ఎఱ్ఱగా ఉబ్బి, నడుమ మానినట్లుండి, మానిన ఆ చోటనే మఱల నొక వలయము, దానిలో ఇంకొకటి, చెఱువులో రాయి వేసినపుడు సాగు అలలవలె కానవచ్చినవి. ఆఱు నెలలనుండి చేతికిని నడుమునకును ఆమె ఈ యొక్క ట్యూబునే పూయుచున్నదట. మా అమ్మ ఆమెకు ఏమియు ఇయ్యనీయక, "రేపు అయిదింటికల్లా బస్టాండుకి రా అమ్మా, నేనూ వస్తాను" అని చెప్పి పంపివేసెను. ఆమె వీధి మలుపు దాటిన పిమ్మట మామ నోరు విప్పెను.

తమ్ముడు: అక్కయ్యా, నీవు చేసినది న్యాయము కాదు. దురదచేత రాత్రులు నిద్రలేని మనిషి. నూఱు రూపాయలకు లోపడిన మందుతో నేటి రాత్రి యైనను సుఖముగా పండుకొనియుండెడిది. ఆమెను వట్టిచేతులతో త్రిప్పిపంపితివి. రేపు నీవు ఆమెకు చూపబోవు దారి యేది?

అక్కయ్య: శ్రీకాకుళములోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. అచ్చట వైద్యకళాశాల ఉన్నది గనుక చర్మవ్యాధులకు ప్రత్యేకముగా ఒక విభాగమున్నది. ఓపీ చీటీ వ్రాయించుకొని కూర్చుండినచో, చర్మమునే చదివినవాడు చర్మమును చూచును.

తమ్ముడు: ఎంత తేలికగా అంటివి! ఇచ్చటి నుండి శ్రీకాకుళము 70 కిలోమీటర్లకు పైమాట. తెల్లవాఱకమునుపే బస్సెక్కవలెను, వరుసలో నిలువవలెను, మధ్యాహ్నమునకు ఓపీ ముగిసినచో మఱునాడు రమ్మందురు. ఆ దినపు కూలి పోయినది, రానుపోను చార్జీలు పోయినవి, పూటకూడు పోయినది. ఇంతయు ఎందులకు? ఆమె యింట తెల్లకార్డు ఉన్నది, ఆరోగ్యశ్రీ ఉన్నది. ఆ కార్డు పట్టుకొని ఇచ్చటి నర్సింగు హోములన్నియు తిరిగివచ్చినదట. ఒకచోట "చర్మపు డాక్టరు లేరు" అన్నారు. ఒకచోట "డాక్టరు ఉన్నారు గాని కార్డు చెల్లదు" అన్నారు. ఇంకొకచోట "కార్డు చెల్లును గాని దీనికి చెల్లదు" అన్నారు. మూడు గుమ్మములు ఎక్కి దిగి, నాలుగవదిగా నా గుమ్మమెక్కినది. ఆ మూడింటిని విడిచి నన్ను నిలదీయుట ఏమి ధర్మము?

అక్కయ్య: నిన్ను నిలదీయుట తరువాతి మాట. ఆ మూడవ గుమ్మమువారు చెప్పిన మాట ఉన్నదే, "దీనికి చెల్లదు" అన్నది, అందులోనే అసలు విషయమంతయు ఇమిడియున్నది. ఆరోగ్యశ్రీ మొదటిసారి 2007 ఏప్రిలు 1వ తేదీన మూడు జిల్లాలలో ఆరంభమైనది. మహబూబునగరు, అనంతపురము, మూడవది మన శ్రీకాకుళము. అప్పుడు నేను కొలువులో ఉన్నదానను. గుండెలో చిల్లుతో పుట్టిన బిడ్డలను పెద్దాసుపత్రులకు పంపుటకై కాగితములు నింపిన చేతులివి. ఆ పథకమును తక్కువచేసి మాటాడుట నావలన కాదు. ప్రభుత్వములు మాఱినపుడెల్ల పేరు మాఱుచు వచ్చి, నేడది ఎన్టీఆర్ వైద్యసేవ అయినది. జనుల నోట మాత్రము ఆరోగ్యశ్రీయే. 2018లో కేంద్రమువారు తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడ ఇట్టిదే. కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వఱకు చెల్లించును. కాని వీని రెండింటికిని మూలసూత్రమొక్కటియే. రోగి ఆసుపత్రిలో చేరవలెను; మంచమెక్కవలెను. మంచమెక్కిన రోగమునకు లక్షలు కలవు, మంచమెక్కని రోగమునకు వందయు లేదు. తామరకు మంచమెవ్వ రిత్తురు? సోరియాసిస్ కలవాడు నడచి వచ్చును, నడచి పోవును. బొల్లి కలిగిన పిల్లకు నొప్పియే యుండదు. చర్మశాస్త్రము దాదాపు అంతయు ఓపీ గదిలోనే పుట్టి ఓపీ గదిలోనే ముగియును. ఒడలంతయు బొబ్బలెక్కి చేరవలసివచ్చు పెంఫిగస్ వంటివి, మందు వికటించి తోలు ఊడిపోవునట్టివి, ఏవో కొన్ని మాత్రమే మంచమువఱకు పోవును.

తమ్ముడు: అట్లయిన నా మాటనే నీవును అన్నావు! ఆ కార్డు చర్మమునకు పనికిరాదు. పనికిరాని కార్డును పట్టుకొని, దానిని స్వీకరించు వైద్యుని కొఱకు ఊళ్ళు వెదకుట కాలహరణము. విశాఖనుండి ఒక వైద్యుడు వారమునకొక దినము మన ఊరి లాడ్జిలో గది తీసికొని రోగులను చూచుచున్నాడు. ఫీజు అయిదువందలు. శ్రీకాకుళము పోయిరాగల చార్జీ, పోయిన కూలి, తిండి కలిపి చూచికొన్నచో ఇంచుమించు అంతే యగును, శ్రమ లేదు. ఇక వైద్యుని వైపునుండి చూడుము. కార్డు తీసికొన్న ఆసుపత్రులకు డబ్బు ఎప్పుడు వచ్చునో తెలియదు. బకాయిలు చెల్లించకున్న సేవలు నిలిపివేసెదమని ఆసుపత్రుల సంఘములవారు ప్రకటనలిచ్చుట ఏటేట పత్రికలలో చూచుచున్నాము. పెద్ద ఆసుపత్రులే ఓర్వలేని జాప్యమును, ఒక్క గదిలో కూర్చుండి చీటీ వ్రాయు చర్మవైద్యుడు ఎట్లు ఓర్చును? పైగా చర్మవైద్యము చదివినవారికి పట్టణములలో వేఱు దారులున్నవి. జుట్టు నాటుట, లేజరుతో మచ్చలు తీయుట. అవి మాని పలాస వచ్చి ప్రభుత్వపు కార్డు కొఱకు ఎదురుచూడుమనుట, ఆలోచించి చూడుము, ఎవరికైనను చెప్పదగిన మాటయేనా?

ఇచ్చట నేనొక మాట చెప్పవలెను. మామ వాదములో సత్యము లేకపోలేదు. వైద్యుడు లోభియని నిందించుట సులభము. నెలల తరబడి బిల్లు రాని చోట నిలిచి పనిచేయుమని ఆజ్ఞాపించుట సులభము కాదు. మా అమ్మయు దీనిని ఖండింపలేదు. ఆమె వేఱొక వైపునుండి వచ్చినది.

అక్కయ్య: నీ లెక్క ఒక్కసారికి సరిపోయినది. తామర ఒక్కసారి చూపించి ఊరుకొనదగిన రోగమా? వారములకొలది మందు తినవలెను, మఱల పోయి చూపుకొనవలెను. సోరియాసిస్ అయినచో జీవితాంతము, బొల్లి అయినచో ఏడాది, రెండేండ్లు. అయిదువందలు ఇంటు ఎన్ని? పైన మందుల ఖర్చు ఎంత? రెండవసారి ఫీజునకు డబ్బులు లేక మొదటి చీటీనే పట్టుకొని నీ బల్లయొద్దకు వచ్చువారు ఎందఱో నీకంటె నెవరికి తెలియును? ఇంకొక్కటి. నీవు "కార్డు" అని ఒక్క మాట అనుచున్నావు. కార్డులు ఒకటి కాదు నాయనా. ఆమె కర్మాగారములో పనిచేయుచున్నదా, ఇంటికి తెచ్చుకొని పొట్టు తీయుచున్నదా?

తమ్ముడు: కర్మాగారములోనే. నలుబదిమంది దాక ఉందురు.

అక్కయ్య: పదిమందియో, అంతకు మించియో పనిచేయు కర్మాగారము ఈ.ఎస్.ఐ. క్రిందికి వచ్చును. నెలజీతము 21,000 రూపాయలకు లోబడినవారందఱును అందు చేరవలసినవారే. పిక్కకింత అని కూలి లెక్కించినను చేరవలసినవారే. కార్మికుని జీతమునుండి నూటికి ముప్పావు రూపాయి, యజమానినుండి నూటికి మూడుంబావు రూపాయి. ఆమె పదివేలు తెచ్చుకొనుచున్నదనుకొందము; ఆమెవి 75 రూపాయలు, యజమానివి 325. ఈ నాలుగువందలు కట్టినందులకు ఆమెకును, ఇంటిల్లిపాదికిని ఓపీ వైద్యము ఉన్నది. వినుము, ఓపీ! మంచమెక్కనక్కఱలేదు. ఈ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో మొదట చూపుకొని, అచ్చటి వైద్యుడు వ్రాసిన రిఫరలు తీసికొని నిపుణునియొద్దకు పోవచ్చును. ఇది ఈనాటి సంగతి కాదు. స్వాతంత్ర్యము రాకమునుపే, 1944లో, అదార్కరు అను ఆచార్యుడు కార్మికుల ఆరోగ్యభీమాకై నివేదిక వ్రాసెను, 1948లో చట్టమైనది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోను ఢిల్లీలోను అమలునకు వచ్చినది. ఆ చట్టమును వ్రాసినవారికి కార్మికుడు మంచమెక్కక మునుపే రోగియగునని తెలియును. చట్టము చివరనున్న మూడవ షెడ్యూలులో వృత్తివలన కలుగు రోగముల పట్టిక ఉన్నది. పనిలో తగిలిన పదార్థములవలన వచ్చు చర్మరోగములు అందు చేరియున్నవి. ఆ చేతులను చూచితివి గదా, అవి ఆ పట్టికలోని చేతులే.

తమ్ముడు: చట్టములో ఉన్నది, సరే. కర్మాగారపు పుస్తకములో ఆమె పేరున్నదా? ఈ ఊరిలో నలుబదిమంది పనిచేయుచోట తొమ్మండుగురి పేర్లు వ్రాసికొనువారు లేరని నీవనగలవా? మేస్త్రీ క్రింద కూలియని ఒకరిని, సీజనుకు వచ్చినదని ఒకరిని త్రోసివైతురు. ఉన్నను, డిస్పెన్సరీ ఎంత దూరములో ఉండునో, అచ్చట మందు ఉండునో లేదో, ఒక రిఫరలు కొఱకు ఎన్ని మారులు తిరుగవలెనో! నేను చూచినంతవఱకు ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారును నాయొద్దకే వచ్చుచున్నారు.

అక్కయ్య: అది నిజము. ఆ తిరుగుడు నాకును తెలియును. దానిని తేలిక చేసి చెప్పను. అయినను, పేరు లేకపోవుట ఆమె దురదృష్టమని నీవు ఊరుకొనుచున్నావు. అది ఆమెకు రావలసిన సొత్తు అని నేననుచున్నాను. రేపు బస్సులో మొట్టమొదట అడుగబోవునది అదియే: "అమ్మా, జీతములో కోత ఉన్నదా? భీమా నంబరు ఎవరైనా ఇచ్చారా?" ఉన్నచో డిస్పెన్సరీ దారి చూపుదును, లేనిచో ఈ.ఎస్.ఐ. కార్యాలయమునకు అర్జీ వ్రాసియిత్తును. ఆరోగ్యశ్రీ కార్డుతో తిరిగిన తిరుగుడు వ్యర్థమగుటకు కారణము కూడ ఇట్టిదే. ఆమె పోయినచోటనెల్ల "ఈ కార్డు తీసుకుంటారా" అని అడిగినది. అడుగవలసినది అది కాదు. ఆసుపత్రి జాబితాలో ఉండవచ్చును, కాని ఎముకలకు మాత్రమే ఉండవచ్చును, కాన్పులకు మాత్రమే ఉండవచ్చును. ఏ విభాగమునకు ఆ విభాగము వేఱుగా అనుమతి పొందవలెను. కనుక "చర్మవ్యాధికి, చేరకుండ చూపుకొనుటకు, ఈ కార్డు చెల్లునా" అని అడుగవలెను. ఆ మాట గుమ్మము దగ్గఱ కూర్చున్న గుమాస్తాను కాదు, పథకమువారి ఆరోగ్యమిత్రను అడుగవలెను. లేదా ఇంటినుండియే 104కు ఫోను చేసి అడుగవలెను. "చెల్లదు" అని ఫోనులో తెలిసినచో మూడు గుమ్మములు ఎక్కు పని తప్పును. తిన్నగా ప్రభుత్వ ఓపీకి పోవచ్చును. అచ్చట ఏ కార్డును అడుగరు.

తమ్ముడు: ఇపుడు ఫోనులోనే డాక్టరును చూడవచ్చునట గదా! పల్లె క్లినిక్కులో కూర్చుండి ఈ-సంజీవనిలో మాటాడుచున్నారు. దానికొఱకై శ్రీకాకుళము పోవుట ఎందులకు?

అక్కయ్య: అది మంచి మెట్టు, నేను కాదనను. చేతులు చూపి సలహా అడుగుటకు చాలును. కాని ఆ నడుముమీది వలయమును ఫోనులో చూచినవాడు దాని అంచును గీరగలడా? మొద్దుబారిన బ్లేడుతో అంచుమీది పొట్టును మెల్లగా గీరి, గాజుపలకమీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడు ఒక చుక్క వేసి, కాసేపు ఆగి సూక్ష్మదర్శినిలో చూచినచో, తామర అయినపుడు బూజు పోగులు కొమ్మలు కొమ్మలుగా కనబడును. గాజుపలక, ఒక చుక్క మందు, పది నిమిషములు. ఆఱు నెలలు ఆ స్త్రీకి లేకపోయినవి ఇవియే. ఇవి లేక, రెండు రోగములకు ఒకే ట్యూబు పూసికొన్నది. ఆ ట్యూబులో ఉన్నదేమి?

తమ్ముడు: క్లోబెటసాల్. దానితోపాటు బూజు మందొకటి, సూక్ష్మజీవుల మందొకటి. మూడును కలిసినది. అందుచేతనే అన్నిటికిని పనిచేయునని ఇత్తుము.

అక్కయ్య: అన్నిటికిని పనిచేయుట లేదు తమ్ముడూ, అన్నిటిని కప్పిపెట్టుచున్నది. చేతుల సంగతి వేఱు. జీడిపిక్క పెంకులోని చమురులో అనకార్డిక్ ఆమ్లము, కార్డాల్ అను పదార్థములున్నవి. అవి తోలును కాల్చును. పూర్వము చాకలివారు నల్లజీడి రసముతో బట్టల అంచున గుర్తులు పెట్టెడివారు. ఆ గుర్తు మెడకు తగిలినచోట కొందఱికి పొక్కులెక్కెడివి. అది దీనికి చుట్టము. అట్టి మంటకు స్టెరాయిడు కొన్నాళ్ళు పూయుట తప్పు కాకపోవచ్చును. ఆమెకు చేతులు తేటపడినది అందుచేతనే. ఆ గుణము చూచియే నడుమునకును పూసినది. కాని బూజునకు స్టెరాయిడు ఎరువువంటిది. దురద తగ్గును, ఎఱుపు తగ్గును, లోపల బూజు నిరాటంకముగా ప్రాకును. వలయములో వలయము పుట్టినది అందువలననే. ఇంకను పూసినచో తోలు పలుచనై, నడుమున చారలు తేలును. అవి మఱల పోవు. వైద్యుని చీటీ లేక స్టెరాయిడు లేపనములు అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము వానిని షెడ్యూల్ హెచ్‌లో పూర్తిగా చేర్చలేదా? ట్యూబుమీద ఎఱ్ఱగీత ఉన్నది. ఆ గీత అర్థము ఆమెకు తెలియదు, నీకు తెలియును.

మామ కొంతసేపు మాటాడలేదు. బల్లమీది ఖాళీ ట్యూబును చేతిలోనికి తీసికొని, చుట్టిన చుట్టను విప్పి, అక్షరములను దీపమునకు పట్టి చూచెను.

తమ్ముడు: తెలియును. తెలిసియే ఇచ్చితిని. కాని అక్కయ్యా, చీటీ తెమ్మని పంపినచో ఆమె చీటీ తేదు. ప్రక్క దుకాణమునకు పోవును. వాడు ఇచ్చును. నేను చట్టమును పాటించితినన్న తృప్తి నాకు మిగులును. ట్యూబు ఆమెకు అందనే అందును. వైద్యుడు లేని ఊరిలో చీటీ లేనిదే మందు ఇయ్యరాదనుట, బావి లేని ఊరిలో చేద లేనిదే నీరు త్రాగరాదనుట వంటిది.

అక్కయ్య: బావి లేదన్న మాట సగమే నిజము. కుష్ఠు సంగతి నీవెఱుగుదువు. నా కొలువు తొలిదినములలో ఈ జిల్లా పల్లెలలో కుష్ఠు ఎంత ఉండెడిదో నీవు చూచినవాడవే. అదియు చర్మరోగమే గదా! 1982లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మూడు మందులు కలిపి ఇయ్యవచ్చునని చెప్పిన తరువాత, 1983నుండి మన ప్రభుత్వము నిర్మూలన కార్యక్రమమును సాగించినది. నేను ఇంటింటికి పోయి, వీపు త్రిప్పుమని, చొక్కా విప్పుమని, తెల్లమచ్చమీద దూదిపోగుతో తాకి "తెలుస్తోందా" అని అడిగెడిదానను. తెలియలేదన్నచో మందు. నెలకొకమారు రిఫాంపిసిన్ గొట్టపు బిళ్ళను నా యెదుటనే మ్రింగించి, మిగిలిన మాత్రల అట్ట చేతికిచ్చి వచ్చెడిదానను. ఆఱు నెలలకో, పండ్రెండు నెలలకో అట్టలు పూర్తియగును. ఎవరినైనను "నీకు కార్డు ఉన్నదా" అని అడిగితినా? "నీకు భీమా ఉన్నదా" అని అడిగితినా? మందే గడపకు పోయినది, వైద్యుడే గ్రామమునకు పోయినాడు. 2005 డిసెంబరునాటికి దేశములో కుష్ఠు పదివేలమందిలో ఒకరికంటె తక్కువకు దిగినది. చర్మరోగమునకు ఉచితముగా, గడపయొద్ద, చీటీ ఫీజు లేక వైద్యము చేయుట అసాధ్యమని నాకు చెప్పవలదు. నేను చేసినదానను.

ఈ మాట లనునపుడు మా అమ్మ గొంతు కొంచెము వణికినది. ఆ అట్టలను ఆమె ఎన్ని వేలసార్లు లెక్కించియుండునో నేనెఱుగుదును. మా యింట పాత అట్టపెట్టెలలో మేము పెన్సిళ్ళు దాచుకొనెడివారము.

తమ్ముడు: కుష్ఠునకు లోకము భయపడినది. అంగములు పోవును, అంటుకొనును, కుటుంబము వెలియగును. భయపడినది గనుక ప్రభుత్వము డబ్బు పెట్టినది. తామరకు ఎవరు భయపడుదురు? మంగునకు ఎవరు భయపడుదురు? భయపడనిదానికి ఖజానా తలుపు తెఱవదు. ఇది నా లోభము కాదు, ప్రపంచ స్వభావము.

అక్కయ్య: ఈ మాట మాత్రము గట్టిది. దీనికి నాయొద్ద పూర్తి సమాధానము లేదు. కాని తామర ఒక్కరితో ఆగునా? ఆమె తువాలు ఆమె కూతురు తుడుచుకొనును, ఆమె దుప్పటి మనుమడు కప్పుకొనును. గజ్జి సంగతి చెప్పనే వలదు. ఇంటిలో ఒక్కరికి మందు పూసి మిగిలినవారిని విడిచినచో అది మఱల వచ్చును. ఇంటివారందఱును ఒకే రాత్రి మెడనుండి అరికాలు వఱకు పూసికొనవలెను. ఇపుడు బూజులోను మందునకు లొంగనివి వచ్చినవని వైద్యులే చెప్పుచున్నారు. మన దేశములో వ్యాపించిన ఆ బూజునకు మన దేశపు పేరే, ఇండోటినియే అని, పెట్టినారు. ఊరూర ట్యూబులు పూసి పూసి సగము చంపిన బూజు ఎక్కడికి పోవును? ఇది ఇట్లు పెరుగుచుండగా ప్రభుత్వము మంచమునకు లక్షలు ఇత్తుననియు, గాజుపలకకు ఇయ్యననియు కూర్చుండుట నాకు సరిపడదు. ఓపీని భీమాలో చేర్చవలెను. ఏరియా ఆసుపత్రులలో చర్మవైద్యుని కుర్చీ ఖాళీగా ఉండరాదు. వారమునకొక దినమైనను కళాశాలనుండి ఒక వైద్యుడు ఇచ్చటికి రావలెను. లాడ్జి గదికి రాగలిగినవాడు ప్రభుత్వ గదికి ఏల రాలేడు? వచ్చిన దినమునకు జీతము ఆ దినమే ఇచ్చినచో వచ్చును.

తమ్ముడు: ఇచ్చినచో. నీవన్నావు, "ఇచ్చినచో." అంతవఱకు?

అక్కయ్య: అంతవఱకు నీ బల్ల. అందుకే నిన్ను అడుగుచున్నాను. నీవు దుకాణము మూయనక్కఱలేదు. ఎఱ్ఱగీత గల లేపనమును చీటీ లేనివానికి ఇయ్యకుము. అడిగినవానికి ఎక్కడికి పోవలెనో, ఎన్ని గంటలకు బస్సో, ఏ గదిలో కూర్చుండవలెనో, ఏ కార్డు ఎందుకు పనికివచ్చునో చెప్పుము. ఊరు నీ మాట వినును. నా మాటకంటె నీ మాటయే వినును.

తమ్ముడు: అందఱికిని చెప్పుటకు నాకు సాధ్యము కాదు; ఆ మాట ఇయ్యలేను. వలయమున్నవారికి మాత్రము ఆ ట్యూబు ఇయ్యను. మిగిలినది చూతము.

మా అమ్మ దానిని అంగీకరించినదో లేదో ముఖమునుబట్టి తెలియలేదు. మామ ఒక కాగితము తీసి, ఆ ట్యూబులోని మూడు మందుల పేర్లను, ఎన్ని నెలలనుండి పూయుచున్నదో దానిని, చేతికిని నడుమునకును పూసినదను సంగతిని స్పష్టముగా వ్రాసి, ఖాళీ ట్యూబును ఆ కాగితములోనే చుట్టి అక్కయ్య చేతికిచ్చెను. ముందు వాడిన మందు తెలియనిదే వైద్యునకు వలయము అర్థము కాదని ఆయనకు తెలియును. రోగి వైద్యునియొద్దకు పోవునపుడు కొనిపోవలసిన కాగితములలో ఇంతకంటె విలువగలది లేదని నా అభిప్రాయము. పూసిన ట్యూబును సిగ్గుపడి ఇంట దాచిపెట్టి, "ఏమీ పూయలేదండీ" అను మనవారి అలవాటువలన ఎన్ని రోగములు తప్పుదారి పట్టుచున్నవో!

సోమవారమునాడు మా అమ్మయు ఆ స్త్రీయు శ్రీకాకుళము పోయి చీకటిపడిన తరువాత తిరిగివచ్చిరి. అచ్చట కార్డు ఎవరును అడుగలేదు. వరుసలో మూడు గంటలకు పైగా నిలిచిరి. నడుముమీది అంచును గీరి చూచిన పలకపై బూజు పోగులు కనబడినవి. చేతుల సంగతి జీడిచమురేనని వైద్యురాలు నిర్ణయించినది. రెండింటికిని వేఱు వేఱు మందులు వ్రాసి, ఇంటివారందఱిని చూపుమని, నాలుగు వారములకు మఱల రమ్మని చెప్పి పంపినది. వ్రాసిన మందులలో ఒకటి ఆసుపత్రిలో లేకపోగా, మామ దుకాణములో కొన్నారు. ఆమె జీతములో ఈ.ఎస్.ఐ. కోత లేదు, భీమా నంబరును లేదు. ఆ కర్మాగారములో అట్టివారు ఇంకను ఇరువదియొక్కమంది ఉన్నారని ఆమె బస్సులో చెప్పినది. వారందఱి వేలిముద్రలతో, సంతకములతో, మా అమ్మ చేతివ్రాతన వ్రాసిన అర్జీ బుధవారమునాడు రిజిస్టరు తపాలాలో పోయినది. రసీదు మా యింట ఉన్నది.